మాన్పించిన చెయ్యి

మరోదా సెక్టార్, భిలాయి
18 జూన్ 2003

హార్వేకి,

మీ అక్క విమలకుమారి పదమూడో తారీఖు శుక్రవారం రాత్రి చనిపోయింది. టెలిగ్రాం అందే ఉంటుంది. ఆ రోజు ఎలా గడిచిందో రాస్తున్నాను. ఆమెకు నువ్వు ఒక్కడివే తమ్ముడివి కాబట్టి తెలియాలి. ఇంకో కారణం కూడా ఉంది. అది చివర రాస్తాను.

ఉదయం మామూలుగానే లేచింది. కూలర్‌లో నీళ్లు పోసింది. మర్నాడు శనివారం, దుర్గ్ జైల్లో కొడుకు కెల్విన్‌ని చూసే రోజు. నువ్వు మనిషి చేత పంపిన ఎండు నెత్తళ్లకు తలలు తీసి, కడిగి పెట్టుకుంది. జైలువాళ్లు ఎండుచేపలు లోపలికి రానివ్వరని చెప్పాను. "అడిగి చూద్దాం. ఆ గేటు దగ్గర జమాదారు మన బరంపురం వాడే" అంది. నేను ప్లాంటు నీటి ల్యాబ్‌కి వెళ్లాను. ఈ నెలలో చెరువు అడుగంటుతుంది. నీటి పరీక్షలు ఎక్కువ.

సాయంత్రం పక్క క్వార్టర్ అప్పలనర్సమ్మగారి ఇంటికి ఫోన్ వచ్చింది. చేసింది నువ్వు. ఆవిడ గోడ మీంచి పిలిచారు. విమల స్టవ్వు తగ్గించి వెళ్లింది. ఏం మాట్లాడిందో ఆవిడకు తెలియదు, పెరట్లో బట్టలు తీస్తున్నారు. ఆవిడ నాతో చెప్పింది ఇది: "వొచ్చీటప్పుడు నవ్వుతా వొచ్చింది బాబూ. ఎల్లీటప్పుడు ఏటమ్మా అంటే పలకనేదు. సెప్పులు మా గుమ్మంలోనే ఒగ్గీసి ఎల్లిపోనాది."

నేను ఐదున్నరకు వచ్చాను. ఇల్లంతా మాడు వాసన. నెత్తళ్లు బొగ్గయ్యాయి. విమల వంటింటి నేల మీద కూర్చుని, ఎడమ చెయ్యి ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని చూసుకుంటోంది. స్టవ్వు ఆర్పి, ఏమైందని అడిగాను.

"వాడి చెయ్యి మనమే కట్టీసేమండీ" అంది.

కెల్విన్ చిన్నప్పటి సంగతి అనుకున్నాను. వాడు ఎడమ చేత్తో అన్నం తింటుంటే మాన్పించాం. ఆ మాట ఇప్పుడెందుకన్నాను. లేవబోయింది. కుడివైపుకి ఒరిగిపోయింది. తరువాత మాట రాలేదు. ఆసుపత్రిలో డాక్టర్లు చేయగలిగింది చేశారు. అర్ధరాత్రి కాకముందే అయిపోయింది.

ఆదివారం సమాధి చేశాం. కెల్విన్‌ని ఇద్దరు కానిస్టేబుళ్లు తీసుకొచ్చారు. కుడి చేతికి బేడీ. మట్టి వేసే సమయానికి వాడు ఎడమ చేత్తో పిడికెడు తీశాడు. అమ్మ మీద ఎడమ చేత్తో మట్టి వెయ్యకు అన్నాను. కానిస్టేబులు మంచివాడు. బేడీ విప్పి రెండో చేతికి మార్చాడు. కెల్విన్ కుడి చేత్తో వేశాడు. ఏడవలేదు. నా వైపు చూడలేదు.

యజ్ఞనారాయణ వచ్చాడు. అందరికంటే పెద్ద దండ తెచ్చాడు. బాక్సింగ్ క్లబ్ కార్యదర్శి అనే కాదు, కెల్విన్ కేసుకి లాయర్ని పెట్టిన మనిషి. నమస్కారం పెట్టాను.

నువ్వు రాలేదు.

నీకూ నాకూ మాటలు లేక పద్నాలుగేళ్లు. మీ అక్కకి నీతో ఉండేవి. నేను అడ్డు చెప్పలేదు. ఆ రోజు ఫోన్‌లో ఆమెకు ఏం చెప్పావో రాయి. నేను అడుగుతున్నది అదొక్కటే.

ఏసురత్నం

---

ఐసు ఫ్యాక్టరీ, ఫిషింగ్ హార్బర్
విశాఖపట్నం
27 జూన్ 2003

బావగారికి హార్వే వందనాలు.

మీ ఉత్తరం అందింది. టెలిగ్రాం నాకు సోమవారం ఇచ్చారు. ముందే అంది ఉంటే వచ్చేవాణ్ణా అంటే, చెప్పలేను. నేను జైలు నుంచి వచ్చిన రోజు మీరు మీ ఇంటి గేటు దగ్గర నిలబడి, నేను పిలిచేదాకా ఈ గుమ్మం తొక్కకు అన్నారు. టెలిగ్రాంలో అక్క పోయిందని ఉంది. రమ్మని లేదు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను.

ఆ రోజు పనిలోకి వెళ్లాను. ఐసు దిమ్మలు మరలో వేసి నలగ్గొట్టడం నా పని. పాత దెబ్బలు తిన్న వేళ్లు చలికి కొంకర్లు పోతాయి. మేస్త్రీ వచ్చి "ఏట్రా హార్వే, మొకమంతా తడి?" అన్నాడు. ఐసు తుంపరలన్నాను. ఇక్కడ అదొక సుఖం, మనిషి ఎప్పుడూ తడిగానే ఉంటాడు.

ఫోన్‌లో ఏమీ లేదు బావగారూ. కెల్విన్ ఎలా ఉన్నాడన్నాను. నెత్తళ్లు అందాయా అన్నాను. "ఇసక ఉందిరా, మూడు నీళ్లు కడిగాను" అని తిట్టింది. అంతే. ఆయుష్షు తీరింది, మనమేం చేస్తాం.

కెల్విన్ అప్పీలు ఎంతవరకు వచ్చింది? ఆ లాయరే ఉన్నాడా? వేరే ఎవరినైనా చూడండి. ఎందుకని మాత్రం అడక్కండి.

మీరు వేళకి తినండి. అక్క ఉంటే ఆ మాట రాయమనేది.

మీ
హార్వే

---

మరోదా, భిలాయి
6 జూలై 2003

హార్వే,

చేపల్లో ఇసక గురించి మాట్లాడిన మనిషి చెప్పులు మరిచిపోయి ఇంటికి రాదు. నువ్వు అబద్ధం రాశావు. ఎందుకు రాశావో ఆలోచిస్తుండగా యజ్ఞనారాయణ వచ్చాడు. నలభయ్యో రోజు ఆదరణ కూడికకు భోజనాలు తాను పెట్టిస్తానన్నాడు. అక్కర్లేదన్నాను. వెళ్తూ వెళ్తూ నీ సంగతి ఎత్తాడు.

"మీ బావమరిది మొన్న ఫోన్ సేసినాడు రత్నంగారూ. ఎంతయినా మావోడే. పురానా ఆద్మీ" అన్నాడు. నవ్వాడు కూడా.

ఇప్పుడు నాకు వరస తెలిసింది. నీకు తెలిసిందే అయినా రాస్తాను, తప్పించుకోవడానికి లేకుండా.

నువ్వు ఈ ఊళ్లో అందరికంటే మంచి బాక్సర్‌వి. నా క్వార్టర్‌లో నా అన్నం తిని ఆడావు. ప్లాంటులో ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం వచ్చే సమయానికి యజ్ఞనారాయణ లారీల వెనక తిరిగావు. ఆయనకు ఎదురు తిరిగిన వాళ్లను కొట్టావు. జైలుకెళ్లావు. ఉద్యోగం పోయింది, ఆట పోయింది. ఆ రోజు నేను ఒట్టు పెట్టుకున్నాను, ఆ క్లబ్ మెట్లెక్కనని. కెల్విన్ గెలిచిన కప్పులు మా షెల్ఫ్‌లో పదకొండు ఉన్నాయి. వాడి ఆట ఒక్కటీ చూడలేదు. విమలా చూడలేదు, భయం. అయినా వాణ్ణి వెళ్లనిచ్చింది. ప్లాంటు వాళ్ల పిల్లలకు ఇప్పుడు ప్లాంటులో ఉద్యోగాల్లేవు, ఉన్న దారి ఆ కోటా ఒక్కటే అంది.

రాష్ట్రం విడిపోయాక మొదటి ఛత్తీస్‌గఢ్ జట్టులో వాడికి చోటు దొరికింది. రాష్ట్రం పేరు వీపు మీద రాసిన ట్రాక్‌సూట్ ఇచ్చారు. వాడు దాన్ని పడుకున్నప్పుడు కూడా విప్పలేదు. వారం తిరక్కుండా యజ్ఞనారాయణ క్లబ్ కుర్రాళ్లను జీపులో వేసుకుని నందిని రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. సున్నపురాయి తోలే ఇంకో కాంట్రాక్టరు లారీని ఆపించాడు. చీకటి. డ్రైవరు దవడ పగిలింది. ఆ మనిషి ఈనాటికీ జావే తాగుతాడట. ఆ డ్రైవరు చీకట్లో చూసింది ఒక్కటే, కెల్విన్ ట్రాక్‌సూట్ మీది అక్షరాలు. కెల్విన్‌కి మూడేళ్లు పడింది.

నిన్ను తీసుకెళ్లినవాడే నా కొడుకునీ తీసుకెళ్లాడు. నువ్వు వాడికి ఫోన్లు చేస్తున్నావు. వాణ్ణి ఆ చేతికి అప్పగించింది నువ్వేనని విమలకు ఆ రోజు తెలిసిందా? అదేనా నువ్వు చెప్పింది?

నేను చెయ్యి ఎత్తే మనిషిని కానని అందరూ అనుకుంటారు. నువ్వూ అలాగే అనుకో. మార్చిలో రిటైరవుతాను. తరువాత నాకు వేరే పని లేదు. విశాఖపట్నానికి రైలుంది.

ఏసురత్నం

---

విశాఖపట్నం
14 జూలై 2003

బావగారూ,

నేను అబద్ధమే రాశాను. అక్క ఎందుకు పడిపోయిందో తెలిస్తే మీరేమైపోతారో అని రాశాను. మీరు నన్ను తీసుకెళ్లి వాడి పక్కన నిలబెట్టారు. దానికంటే నిజమే నయం.

యజ్ఞనారాయణకి ఫోన్ చేసింది నిజం. టెలిగ్రాం అందిన రోజున. నోటికొచ్చినట్టు తిట్టాను. కోర్టుకొచ్చి చెప్తానన్నాను. "ఏటి సెప్తావురా? మీ అక్కే సెప్పీసింది కదా, బైబిలు ముట్టుకుని" అన్నాడు. మీతో నన్ను పురానా ఆద్మీ, పాత మనిషి అన్నది ఈ ఫోన్ గురించే.

మీకు తెలియని సంగతి ఒకటుంది. కెల్విన్ ఎడమచేతి బాక్సరు.

వేసవి సెలవలకి అక్క వాణ్ణి ఇక్కడికి తెచ్చేది కదా. ఐసు మీద కప్పే రంపపు పొట్టు గోనెలో కూరి, ఫ్యాక్టరీ వెనక వేలాడదీసి, కొట్టరా అన్నాను. కుడి చేత్తో కొట్టాడు. తలుపు తట్టినట్టు ఉంది. ఎడమ చేత్తో కొట్టు అంటే, వాళ్లమ్మ ఉందా అని చుట్టూ చూశాడు. లేదు. కొట్టాడు. గోనె చిరిగింది. పొట్టంతా మా ఇద్దరి నెత్తి మీదా. వాడు అలా నవ్వడం నేను మళ్లీ చూడలేదు. "అమ్మకి చెప్పొద్దు మామా" అన్నాడు.

చెప్పలేదు. ఆ చెయ్యి మాన్పించడానికి అక్క ఎంత కష్టపడిందో నాకు తెలుసు. వేపాకు ముద్ద పూసేది. అన్నం దగ్గర పాత చీర పేలికతో నడుముకి కట్టేసేది. చర్చిలో రొట్టె ఎడమ చేత్తో అందుకున్నాడని రాత్రంతా ఏడ్చింది. అందుకని ఇంట్లో కుడి, రింగులో ఎడమ అని మామా అల్లుడూ ఒప్పుకున్నాం. మీరు రింగు దగ్గరికి రారు. అక్క రాదు. క్లబ్‌లో మాత్రం అందరికీ తెలుసు. యజ్ఞనారాయణకి బాగా తెలుసు.

ఆ రోజు ఫోన్‌లో అక్క కోర్టు సంగతులు మొదటిసారి వివరంగా చెప్పింది. డ్రైవరు ఎడమ దవడ మూడు ముక్కలైందని డాక్టరు చెప్పాడంది. ఎడమదా అన్నాను. ఎదురుగా నిలబడి ఎడమ దవడ పగలగొట్టింది కుడి చెయ్యి. కెల్విన్ కుడి చేత్తో ఈగ కూడా చావదు. నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే వాడు కాదే అక్కా, వాడు ఎడమ చేత్తో ఆడతాడు" అనేశాను.

అక్క, "లాయరుగారు నన్ను అదే అడిగార్రా. మీ అబ్బాయి పనులన్నీ ఏ చేత్తో చేస్తాడమ్మా అని" అంది.

"ఏటి చెప్పావు?"

"కుడి అనే చెప్పాను. మా ఇంట్లో ఎడమ చేత్తో ఎవరూ ఏ పనీ చెయ్యరని చెప్పాను. మంచి పెంపకం అనుకుంటారని."

అప్పుడు నేను నోరు మూసుకోవాల్సింది. "ఎంత పని చేసేవే అక్కా" అన్నాను. ఫోన్ పెట్టేసింది.

అక్కని పడగొట్టింది నేనే బావగారూ, నా మాట. మీరు రైలెక్కి రండి. నేను ఎక్కడికీ పోను. కానీ అంతకంటే ముందు ఒకటి చూడండి. ఉత్త పిడికిలితో దవడ ఎముక పగలగొడితే, కొట్టిన చెయ్యి కూడా బాగుండదు. చిటికెన వేలి వెనక ఎముక విరుగుతుంది, నాకు రెండుసార్లు విరిగింది. కెల్విన్ చేతులు రెండూ బాగున్నాయా? బాగుంటే, బాగాలేని చెయ్యి ఎవరిదో చూడండి.

హార్వే

---

మరోదా, భిలాయి
27 జూలై 2003

హార్వే,

నీ ఉత్తరం అందింది. నువ్వు ఆమెకు నిజం చెప్పావు. ఆ నిజం కోర్టు వరండాలో నాకే తెలిసి ఉంటే నేనూ అక్కడే చెప్పేవాణ్ణి, నీకంటే కటువుగా. దీని గురించి ఇక రాయకు.

నాకు గుర్తొచ్చింది రాస్తున్నాను. బెయిలు మీద కెల్విన్ ఇంట్లో ఉన్నప్పుడు ఆ లాయరు మా ఇంటికి వచ్చాడు. వాడు అన్నం తింటున్నాడు. లాయరు వాడి చేతి వంకే చూశాడు. విమల పొంగిపోయి, ఎడమ చెయ్యి ఎలా మాన్పించిందో అంతా చెప్పింది. "బహుత్ అచ్ఛా, ఇది కోర్టులో చెప్పాలి అమ్మా" అన్నాడు. సాక్షిగా ఆమెను పిలిపించింది అందుకు. ప్రాసిక్యూషన్ వాళ్లు అడగలేదు ఆ ప్రశ్న. మన లాయరు అడిగాడు. యజ్ఞనారాయణ పెట్టిన లాయరు. ఆమె చెప్పిన జవాబుకి నేను బెంచీ మీద కూర్చుని గర్వపడ్డాను. బయటికొచ్చాక యజ్ఞనారాయణ చేతులు పట్టుకుని కృతజ్ఞత చెప్పాను.

శనివారం కెల్విన్‌ని అడిగాను. ఇనప జాలీకి అవతల నిలబడి చేతులు రెండూ చూపించాడు. ఒక గీత లేదు. ఎందుకు చెప్పలేదురా అన్నాను.

"యజ్ఞ అంకుల్ ముందే బోలా థా నాన్నా, నోరెత్తకు అని. ఫస్ట్ కేసు, వదిలేస్తారు, నౌకరీ పక్కా అన్నాడు. తరువాత జడ్జితో చెప్పీద్దామనుకున్నాను. అంతలో అమ్మ బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పీసింది. ఉస్కే బాద్ మై క్యా బోల్తా, నేనింకేటి చెప్పను? అమ్మని అబద్ధాలకోరు అనమంటావేటి?"

కొట్టింది ఎవరని అడిగాను. "రహనే దో నాన్నా, వదిలెయ్" అన్నాడు. క్లబ్‌లో ఒకడి దెబ్బ ఇంకొకడు చెప్పడట.

నేను పేరు అడగడం మానేశాను. నలభయ్యో రోజు కూడికకు క్లబ్ కుర్రాళ్లందరినీ పిలిచాను. యజ్ఞనారాయణని, వాళ్లబ్బాయి మనోజ్‌కుమార్‌ని ఇంటికి వెళ్లి పిలిచాను. జట్టులో కెల్విన్ పోగొట్టుకున్న చోట ఇప్పుడు మనోజ్ ఉన్నాడు. మంచి ఆటగాడని అందరూ అంటారు.

ప్రార్థన అయ్యాక అరిటాకులు వేశాం. ఎముకల మాంసం వండించాను. అన్నం పొగలు కక్కుతుండగా కుర్రాళ్లకి నేనే వడ్డించాను. ఒక్కొక్కరి ముందూ నిలబడి, కలుపుకున్నాక ముందుకు జరిగాను. అందరూ కలుపుకున్నారు. చివర మనోజ్. వాడు ఆకు వంక చూస్తూ కూర్చున్నాడు. కుడి చెయ్యి ఒళ్లో ఉంది.

"అంకుల్, చమ్మచ్ మిలేగా?" అన్నాడు.

"ప్రాక్టీసులో సెయ్యి బెణికింది రత్నంగారూ" అన్నాడు యజ్ఞనారాయణ, ఆకు అవతల నుంచి. నేను అడగలేదు.

అప్పలనర్సమ్మగారు "ఏటి బాబూ, సావు కూటికి సెంచా ఏటి" అని నవ్వారు. నేను లోపలికి వెళ్లి చెంచా తెచ్చి ఇచ్చాను. పట్టుకున్నప్పుడు చూశాను. చిటికెన వేలు ముడవదు. వెనక ఎముక లోపలికి దిగి ఉంది. వాళ్లు వెళ్లాక ఆ చెంచా కడిగి వేరే పెట్టాను.

దుర్గ్‌లో వేరే లాయర్ని చూశాను. అప్పీలులో కొత్త సాక్ష్యానికి అవకాశం ఉందన్నాడు. కెల్విన్‌కి ఎడమ చేతి ఆట నేర్పినవాడిగా నువ్వు అఫిడవిట్ పంపాలి. తండ్రిగా నేను చెప్పాలి. మనోజ్ చేతికి ఎక్స్‌రే తీయించమని కోర్టుని అడగాలి.

కెల్విన్ బయటికి రావడం ఒక్కటే నాకు చాలదు. మనోజ్ లోపలికి వెళ్లాలి. శనివారం టిఫిన్ క్యారియర్ పట్టుకుని జైలు గేటు ముందు వరసలో నిలబడడం ఎలా ఉంటుందో యజ్ఞనారాయణకి తెలియాలి. బరంపురం జమాదారు మూత తీసి వేలు పెట్టి కెలుకుతాడు. అది కూడా తెలియాలి.

పాస్టరుగారు వచ్చి పగ దేవుడికి వదిలెయ్యమన్నారు. దేవుడికి ఈ జిల్లాలో పని ఎక్కువగా ఉందన్నాను.

ఏసురత్నం

---

విశాఖపట్నం
10 ఆగస్టు 2003

బావగారికి వందనాలు.

అఫిడవిట్ నోటరీ చేయించి ఈ కవర్‌లోనే పెట్టాను. ఏ సంవత్సరం నుంచి నేర్పానో, ఎలా నేర్పానో అంతా రాయించాను. నోటరీ గుమాస్తా "మీరు బాక్సర్లా?" అని నా ముఖం వంక చూశాడు. ఒకప్పుడు అన్నాను.

ఇప్పుడు నేను చెప్పేది కోపం లేకుండా వినండి. మనోజ్ చెయ్యి పోయింది. రెండేళ్లు సరిగా కట్టు కట్టకుండా, ఎవరికీ చెప్పకుండా తిప్పిన ఎముక ఇక అతకదు. గ్లౌజు లోపల వాడు ఆ చేత్తో కొట్టిన ప్రతిసారీ కళ్లు బైర్లు కమ్ముతాయి. తండ్రికి భయపడి ఆడుతున్నాడు. నేనూ అలాగే ఒక ఏడాది ఆడాను. అదొక జైలే బావగారూ, ఎవరైనా వచ్చి చూసే ములాకాత్ కూడా ఉండదు.

నన్ను పాడుచేసిన చెయ్యే కెల్విన్‌ని పాడుచేసింది. అదే చెయ్యి సొంత కొడుకునీ పాడుచేసుకుంది. ముగ్గురం అయ్యాం. మనవాణ్ణి విడిపించండి. జీపు తోలించిన తండ్రిని కోర్టుకి ఈడ్చండి, నేను వచ్చి చెప్తాను. ఆ కుర్రాణ్ణి మాత్రం వదిలెయ్యండి. అక్క అయితే వాడికి చెంచా ఇచ్చి, పక్కన కూర్చుని ఎముకలు తీసి పెట్టేది. మీకూ తెలుసు.

ఇక్కడ వానలు. చేపలు తక్కువ, ఐసు ఊరికే కరిగిపోతోంది.

మీరు పిలిస్తే వస్తాను. రాస్తే చాలు.

హార్వే

---

మరోదా, భిలాయి
7 సెప్టెంబరు 2003, ఆదివారం

హార్వే,

నీ అఫిడవిట్ అందింది. నీ విన్నపం కూడా అందింది. మొదటిది లాయరుకిచ్చాను. రేపు సోమవారం దుర్గ్‌లో అప్పీలు విచారణ.

ఈ రోజు చర్చిలో బల్ల ఆరాధన. నేను రొట్టె తీసుకోలేదు. మనసులో పగ పెట్టుకుని ఆ బల్ల ముట్టుకోకూడదని మనకు నియమం. నియమం పాటించాను.

నిన్న మనోజ్ వచ్చాడు. ఒక్కడే, సైకిల్ మీద, వానలో. వరండాలో నిలబడి చెప్పాడు. డ్రైవరు తన తల్లిని తిట్టాడట, తానే కొట్టేశాడట. కెల్విన్ వెనక నుంచి పట్టుకుని లాగాడట. "సోమవారం జడ్జి సామ్‌నే మై ఖుద్ బోల్ దూంగా అంకుల్, నేనే చెప్పేస్తాను. మా నాన్నకి చెప్పలేదు" అన్నాడు. నిద్ర పట్టడం లేదన్నాడు. ఆంటీ కలలోకి వస్తోందన్నాడు.

లోపల కూర్చోమన్నాను. వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. గ్లాసుతో నీళ్లిచ్చాను. ఎడమ చెయ్యి చాచాడు.

"మా ఇంట్లో ఎడమ చేత్తో ఏదీ అందుకోరు" అన్నాను.

వాడు నా ముఖం చూశాడు. కుడి చేత్తో అందుకున్నాడు. గ్లాసు జారిపోయింది. నేను కదల్లేదు. వాడే మూల ఉన్న గుడ్డ తీసుకుని, వంగి, ఎడమ చేత్తో తుడిచాడు. నమస్తే అంకుల్ అని వెళ్లిపోయాడు.

నాకు సంతోషం కలిగింది. నీకు అబద్ధం రాయను. వాడి సైకిల్ మలుపు తిరిగేదాకా ఉంది ఆ సంతోషం. తరువాత తడి నేల చూశాను. విమల ఆ రోజు కూర్చున్న చోటు అదే. చాలాసేపు నిలబడ్డాను. మనసు మారుతుందేమోనని చూశాను. మారలేదు.

సాయంత్రమే వెళ్లి లాయరుకి ఈ సంగతి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచాడు. "అయితే మీరు సాక్ష్యం చెప్పనక్కర్లేదు సార్. ఆ అబ్బాయి తానే ఒప్పుకుంటే చాలు. చనిపోయిన మీ మిసెస్ చెప్పింది తప్పు అని మీ నోటితో అనే అవసరం రాదు" అన్నాడు. దయగానే అన్నాడు. రాత్రంతా దాని గురించే ఆలోచించాను. వాడు తనంతట తాను చెప్తే అది పశ్చాత్తాపం అవుతుంది. జడ్జి వాడి వయసు చూస్తారు, చెయ్యి చూస్తారు, శిక్ష తగ్గిస్తారు. యజ్ఞనారాయణ ఆ వరసలో నాలుగు శనివారాలు నిలబడి ఇంటికి వెళ్లిపోతాడు. సాక్షుల్లో నా పేరు మొదట ఉంది. వాడు నోరు తెరవకముందే నేను చెప్తాను. వాడిని పట్టుకున్నట్టు ఉండాలి. వాడు తనంతట తాను లొంగిపోయినట్టు ఉండకూడదు.

దీనికి విమల పేరు పోతుంది. తీర్పులో రాస్తారు, తల్లి కోర్టుకి తప్పు చెప్పిందని. కెల్విన్ ఇన్నాళ్లూ నోరు మూసుకున్నది ఆ మాట రాకూడదనే. వాడు అక్కడే ఉంటాడు, వింటాడు. బయటికి వచ్చాక నాతో ఉంటాడో ఉండడో తెలియదు. నీ దగ్గరికి వస్తే ఉంచుకో. గోనె వేలాడదీయి.

నిన్ను రమ్మని రాయడం లేదు. నువ్వు నన్ను ఆపుతావు.

రేపు ఉదయం ఎనిమిదింటికి యజ్ఞనారాయణ వరండాలో పేపరు చదువుతుంటాడు. ఆ చెంచా ఆయన చేతికిస్తాను. మీ అబ్బాయిది మా ఇంట్లో ఉండిపోయింది, ఇక ముందు రోజూ కావాల్సి ఉంటుంది అంటాను. అక్కడి నుంచి బస్సులో దుర్గ్ వెళ్తాను. కుడి చెయ్యి బైబిల్ మీద పెట్టి, మా అబ్బాయిది ఎడమ చెయ్యి అనీ, నా భార్య విమలకుమారి కోర్టుకి తప్పు చెప్పిందనీ చెప్తాను.

ఏసురత్నం